రెండో గొంతు ఎవరిది

ఆ వార్త నాకు మొదట తెచ్చింది నౌపడ మనిషి. పలాసలో మేం పనిచేసిన జీడిపప్పు షెడ్డులో, తల్లి పోయాక తల్లి పీట మీదే కూర్చుని పొట్టు తీస్తున్న కూతురు. ఒక ఆదివారం నేను ప్రార్థన నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే, ఫోను చేత్తో పట్టుకుని నా గుమ్మంలో నిలబడి ఉంది.

"పెద్దమ్మా, మన షెడ్డులో గుంట టీవీలో పాటల పోటీకెల్లింది. అదే, భావనపాడు గుంట. సూడు సూడు, అయిపోతాది!"

"ఉండమ్మా, కళ్ళద్దాలు ఎక్కడో పెట్టాను."

"కళ్ళద్దాలెందుకు? నీకు సెవులున్నాయి గదా. ఇను."

విన్నాను. ఒకప్పుడు మా షెడ్డులో పనిచేసిన ఆ పిల్ల గొంతే. పల్చగా, తడిగా, పైకి వెళ్ళినా చిట్లని గొంతు. ఒక పాదం పాడింది. రెండో పాదానికి వేరే ఎవరో అందుకున్నారు. ముసలి గొంతు, అడుగున కొంచెం గరుకు, మాట చివర పళ్ళ సందులోంచి గాలి పోయే చిన్న ఈల. మళ్ళీ పిల్ల గొంతు. మధ్యలో గుక్క లేదు. పక్కన పాడుతున్నది ఎవరా అని కళ్ళు చికిలించి ఫోనులో వెతికాను. వేదిక మీద ఆ పిల్ల ఒక్కతే ఉంది.

నౌపడ మనిషి గుమ్మం మీద కూలబడింది.

"పెద్దమ్మా, ఇది మాయమ్మ గొంతు."

అవును. అప్పటికి రెండేళ్ళ క్రితం చనిపోయిన మనిషి గొంతు అది. మా వరసలో ఐదో గొంతు.

ఇది చదివే చిన్నవాళ్ళకు నేను చేసిన పని ఏమిటో చెబితే గానీ ఈ సంగతి అర్థం కాదు. నేను బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడు కాలు సరిగా పడేది కాదు. మా అమ్మ ఇంట్లోనే బైబిలు, కీర్తనల పుస్తకం పెట్టి అక్షరాలు నేర్పింది. నేను వసారాలో చదువుతుంటే ఆవిడ వంటింట్లో కూర కలుపుతూ వినేది. తప్పు చదివితే గరిటె గిన్నెకు తగిలేది. అటు తిరిగి ఉండి కూడా మనిషిని వినొచ్చని అలా తెలిసింది నాకు. దేవుడు కాలిలో తగ్గించింది చెవిలో కలిపాడని అమ్మ అనేది. ఆ చెవే ముప్పై ఏళ్ళు నాకు అన్నం పెట్టింది. అందుకు ఆయనకు స్తోత్రం.

షెడ్డులో నేను పని చూసే మేస్త్రమ్మను, పప్పు ఏరేదాన్ని కూడా. ఎక్కువ ధర పలికే నిండు పప్పు గుండు, సగమైంది బద్ద, విరిగింది ముక్క, దేనికది వేరు చేయాలి. దానికి పగటి వెలుతురు కావాలి గనుక నా బల్ల కిటికీ దగ్గర ఉండేది. నా వెనకాల పన్నెండు మంది ఆడవాళ్ళు పీటల మీద వరసగా కూర్చుని చిన్న కత్తులతో పప్పు పొట్టు తీసేవారు. నా ముఖం కిటికీకి, నా వీపు వాళ్ళకు. మరి ఎవరైనా పప్పు నోట్లో వేసుకుంటే తెలిసేదెలా?

దానికి మా యజమాని తండ్రి కాలం నుంచి ఒక పద్ధతి ఉంది. వరస పాట. మొదటి పీట మనిషి ఒక పాదం పాడాలి, రెండో ఆమె తరవాతి పాదం, అలా పన్నెండో పీట దాకా వెళ్ళి మళ్ళీ మొదటికి రావాలి. చేపల వేట పాటలు, ఊడ్పు పాటలు, భజనలు, మా కీర్తనలు, ఏదైనా సరే. తన పాదం వచ్చేసరికి ఎవరి నోట్లో పప్పు ఉంటే వాళ్ళ పాదం పడదు. పాదం పడకపోతే నేను వెనక్కి తిరుగుతాను. అంతే పద్ధతి.

ఒకసారి ఏడో పాదం పడలేదు. తిరిగాను. ఆవిడ బుగ్గలో బద్ద ఉంది. సాయంత్రానికి ఆవిడను పనిలోంచి పంపేశారు. ఆ మర్నాడు యజమాని అందరి ముందూ, "మేస్త్రమ్మ చెవి ఉండగా నాకు కెమెరాలెందుకు?" అన్నాడు. ఆ మాటకు నేను లోపల పొంగిపోయానని ఇప్పుడు రాయడానికి సిగ్గుగానే ఉంది గానీ, రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.

ఐదో పీట నౌపడ ముసలామెది. పెనిమిటి ఉప్పు మళ్ళల్లో పనిచేసి పోయాడు. ఆమె పొద్దున్నే రైలెక్కి వచ్చేది. ఆరో పీట మీదికి భావనపాడు పిల్ల వచ్చింది, సముద్రంలో వేట బాగాలేని ఒక ఏడాది, పద్దెనిమిది నిండాక. రెండేళ్ళు ఉంది. ఆ తరవాత టెక్కలిలో పెళ్ళిళ్ళకు పాడే బృందంలో చేరి వెళ్ళిపోయింది. ఇంకొన్నాళ్ళకు ముసలామె మంచాన పడి పోయింది. నేనూ పని మానుకున్నాను.

అలాంటి పిల్ల ఇప్పుడు టీవీలో ఉంది. వారం వారం ఒకరిని ఇంటికి పంపేస్తున్నారు, ఈమె మాత్రం నిలబడుతోంది. కాశీబుగ్గలో ఆమె బొమ్మతో ఫ్లెక్సీ కట్టారు. పలాస స్టేషను బయట ఆటోలలో ఆమె పాటే. చేపల గంపలు దించే ఆడవాళ్ళు కూడా, "ఓటేసినావా లేదా, ఫోనెందుకు మరి నీకు?" అని దారిన పోయేవాళ్ళను తగులుకునేవారు. మా చర్చి సంఘంలో పెద్దలు, లోకపు పాట గనుక దాని పేరెత్తకుండా, "ఆ బిడ్డకు క్షేమం కలుగును గాక" అని ప్రార్థించారు. నేను మనసులో పాట పేరు కూడా కలిపాను.

ఆమెను అంత పైకి ఎత్తింది ఆ రెండో గొంతే. యంత్రంతో మారుస్తున్నారని కొందరన్నారు. ఒక వారం మైకు పక్కన పెట్టించి పాడించారు. రెండు గొంతులూ వినిపించాయి. ఆ అనుమానం పోయింది. కానీ చివరి పోటీకి ముందు వారం, తీర్పరులలో పెద్దాయన అడిగాడు. నౌపడ మనిషీ నేనూ మా ఇంట్లో కూర్చుని చూస్తున్నాం.

"ఆ ముసలి గొంతు ఎవరిదమ్మా?"

"ఒకావిడది సార్."

"ఎవరావిడ?"

"సెప్పలేను సార్."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఎవరిదో చెప్పని గొంతును తెచ్చి వినిపిస్తే అది మిమిక్రీ అవుతుంది, పాట అవదు. చివరి పోటీలో దాని వెనక మనిషి ఎవరో చెప్పు. లేదా నీ ఒక్క గొంతుతోనే పాడు" అన్నాడు.

పిల్ల తల దించుకుని, "ఒక్క గొంతుతోనే పాడతాను సార్" అంది.

"పిచ్చి గుంట!" అని నౌపడ మనిషి టీవీని తిట్టింది. "మాయమ్మదని సెప్తే ఏటి పోద్ది? నోరు పడిపోనాదా?"

నాకూ అదే తోచింది. చెప్పడానికి ఏముంది? పక్క పీట మీద కూర్చుంది, విన్నది, నేర్చుకుంది. దాచాల్సినంత సంగతి ఏముంది అందులో? పైగా ఇంకో ప్రశ్న. అనుకరించేవాళ్ళను నేను చాలామందిని విన్నాను. వాళ్ళు గొంతును పైపైన పట్టుకుంటారు. ఈ పిల్ల ఆ ముసలామె ఊపిరి ఎక్కడ తెగుతుందో కూడా పట్టుకుంది. అలా పట్టాలంటే వింటే చాలదు, వందలసార్లు పాడాలి. ఎప్పుడు పాడింది? ఎక్కడ?

మర్నాడు తోటకూర తుంచుతూ కూర్చున్నాను. ఒక సంగతి గుర్తొచ్చింది. ఆ పిల్ల మా షెడ్డుకు వచ్చాక ముసలామె పాట బాగుపడింది. అంతకు ముందు పాదం చివర వణికేది, తరవాత కుదురుగా పడేది. ఒకరోజు నేనే, పని నుంచి తల తిప్పకుండా, "ఈమధ్య నీ గొంతు పదునెక్కిందమ్మా" అని మెచ్చుకున్నాను. మామూలుగా పకపకా నవ్వే మనిషి ఆ రోజు నోరు తెరవకుండా నవ్వింది. ముక్కుతో నవ్వినట్టు. ఆ నవ్వు నా చెవిలో ఉంది.

ఇంకొకటి. ఆ పిల్ల రాని రోజుల్లోనే ముసలామె గొంతు పట్టేసేది. పాదం పడక నేను తిరిగితే, నోరు మూసుకుని గొంతు మీద చేయి వేసి చూపించేది. నేను మంచినీళ్ళిచ్చి, పటికబెల్లం చప్పరించమని చెప్పి, అలా చెప్పినందుకు నా మంచితనాన్ని నేనే మెచ్చుకుని, మళ్ళీ కిటికీ వైపు తిరిగేదాన్ని. పిల్ల రాని రోజునే ఆమె గొంతు ఎందుకు పోతుందని నాకు ఒక్కనాడూ తోచలేదు.

తోటకూర అక్కడే వదిలేసి నౌపడ వెళ్ళాను. ఆ రోజు ఆమెకు పని లేదు. ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తోంది.

"మీ అమ్మకు గొంతు జబ్బేమైనా ఉండేదా?"

"గొంతుకేటి? గుండ్రాయిలాగుండీది. మాయమ్మకి ఉన్న జబ్బు ఒకటే, సుగరు. పదకొండయ్యేసరికి సేతులొణికీవి. ఏదో ఒకటి నోట్లో పడాల."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

ఆమె చేప చేత్తో పట్టుకునే నన్ను చూసింది. "నీకెలగ సెప్తాది పెద్దమ్మా? నువ్వు మేస్త్రమ్మవి. రోగమని తెలిత్తే రేపట్నుంచి రావొద్దంటారు గదా."

మా షెడ్డులో తిండి ఒంటిగంటకే. లోపలికి ఏదీ తేకూడదు. ఆ నియమం గోడ మీద నా చేత్తోనే రాసి అంటించాను.

అక్కడి నుంచే పిల్లకు ఫోను చేశాను. టెక్కలి బృందం వాళ్ళిచ్చిన నంబరు. రెండోసారికి ఎత్తింది.

"పెద్దమ్మా! నువ్వేనా? బాగున్నావా? కాలెలగుంది?"

"కాలు సంగతి తరవాత. ఐదో పాదం ఎవరు పాడేవారమ్మా?"

పిల్ల సన్నగా నవ్వింది. "పట్టేసినావా?"

"ఇన్నేళ్ళకు పట్టాను. అప్పుడు పట్టలేదు."

"ఒకరోజు ఆవిడ సేతులొణికి కత్తి జారిపోనాది. ముక్క ఒకటి నోట్లో ఏసుకుంది. ఆవిడ పాదం వచ్చీసింది. నువ్వు తిరిగిపోతావని భయమేసి నాను పాడీసినాను, ఆవిడ లాగ. నువ్వు తిరగనేదు. ఇంక ఆ రోజు నుంచి రోజూ. ఆవిడ పాదం అయిపోగానే నా పాదం. మద్దిలో ఊపిరి తీత్తే నీకు తెలిసిపోద్ది గదా. అందుకని గుక్క దాచుకోడం నేర్సుకున్నాను. ఇక్కడ సార్లంతా, అలగెలగ పాడతన్నావని అడుగుతారు. మా మేస్త్రమ్మ సెవికి భయపడి అని ఎలగ సెప్పను?"

నేను వంగి ఒక ఎండుచేపను తిరగేశాను.

"మరి టీవీలో చెప్పవెందుకు?"

"సెప్తే ఆవిణ్ణి పప్పు దొంగంటారు. సచ్చిపోయిన మనిషిని. ఆవిడ కూతురు ఇంకా అక్కడే గదా పొట్టు తీత్తంది. దాని పనేం గాను? వద్దు పెద్దమ్మా. ఒక్క గొంతుతోనే పాడతాను. ఓడిపోతే వచ్చీసి టెక్కలిలో పెళ్ళిళ్ళకి పాడుకుంటాను. పెళ్ళిళ్ళు ఆగిపోతాయేటి?"

ఫోను పెట్టేశాక జరిగినదంతా నౌపడ మనిషికి చెప్పాను. మొదట నా మీద పడింది.

"అంటే మాయమ్మ దొంగా? ఆ మాట మోసుకొచ్చినావా నా గుమ్మంలోకి?"

"నేను ఆ మాట అనలేదమ్మా."

"నువ్వనవు. టీవీలో అంటారు. ఊరూరా అంటారు. నౌపడ రైల్లో ఎక్కితే అంటారు." గంప విసురుగా జరిపింది. కాసేపటికి అరుగు మీద కూర్చుంది. దూరంగా ఉప్పు రాశులు ఎండలో కళ్ళు తెరవనీయకుండా మెరుస్తున్నాయి. "మాయమ్మకి అన్నం పెట్టింది ఆ గుంటన్నమాట. రెండేళ్ళు. నాకు సెప్పనేదు సూడు, ఇద్దరూ కూడా." ముక్కు చీదింది. "మాయమ్మ పరువు కోసం ఆ గుంట ఓడిపోద్దా ఇప్పుడు?"

"పోవచ్చు."

"నా పని పోద్దని కూడానా?"

"అది కూడా చెప్పింది."

"నా పని సంగతి దానికెవడు సెప్పమన్నాడు! ఉప్పు మళ్ళున్నాయి, సేపలున్నాయి, నాకు సేతులున్నాయి." కొంగుతో ముఖం తుడుచుకుంది. "సెప్పీ పెద్దమ్మా. నువ్వే సెప్పు, అది సెప్పదు. గానీ ఒకటి. మాయమ్మ ముక్కలే తిన్నాదని సెప్పు. గుండు పప్పు ముట్టే మనిషి కాదు."

ఆ వారమే టీవీ వాళ్ళు పిల్ల ఊరిని, పనిచేసిన చోటును చూపిస్తామని పలాస వచ్చారు. మా యజమాని కొత్త చొక్కా వేసుకుని, షెడ్డుకు సున్నం కొట్టించి, నాకు కబురు పంపాడు. అప్పటికి పొట్టు తీసే యంత్రాలు సగం పని చేస్తున్నాయి. గోడ మీద కెమెరా కూడా వచ్చింది. వరస పాట ఎప్పుడో ఆగిపోయింది. అయినా టీవీ కోసం ఆడవాళ్ళను పన్నెండు పీటల మీద కూర్చోబెట్టి పాడమన్నాడు. ఐదో పీట మీద నౌపడ మనిషి ఉంది. ఆరో పీట ఖాళీగా వదిలారు.

హైదరాబాదు అబ్బాయి ఒకతను మైకు పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. "అమ్మా, ఆ అమ్మాయికి పాట నేర్పింది మీరేనంట కదా?"

"మేస్త్రమ్మే, మేస్త్రమ్మే," అని యజమాని పక్కనుంచి అందించాడు. "మా షెడ్డులో పాట మా నాన్నగారే పెట్టించారు. కళ అంటే ప్రాణం ఆయనకు."

నేను జీవితంలో అందరి ముందూ మాట్లాడింది లేదు. సంఘంలో సాక్ష్యం చెప్పాల్సి వచ్చినా వెనక బెంచీ నుంచి రెండు మాటలు చెప్పి కూర్చునేదాన్ని. ఆ రోజు మనసులో చిన్న ప్రార్థన చేసుకుని నా పాత బల్ల దగ్గరకు వెళ్ళాను. కిటికీ వైపు తిరిగి, వాళ్ళకు వీపు పెట్టి కూర్చున్నాను.

"బాబూ, నేను ఇలా కూర్చునేదాన్ని. పాట పెట్టింది కళ కోసం కాదు. పాడుతుంటే పప్పు తినలేరని. వెనక పన్నెండు గొంతులు పడుతున్నాయో లేదో వినడమే నా ఉద్యోగం. రెండేళ్ళు నేను పన్నెండు గొంతులు విన్నాను. పాడింది పదకొండు మంది."

యజమాని చొక్కా బొత్తాం సవరించుకున్నాడు.

"ఐదో పీట మీద ఒక నౌపడ ఆవిడ ఉండేది. సుగరు జబ్బు. చేతులు వణికితే ఒక ముక్క నోట్లో వేసుకునేది. ముక్కే, గుండు కాదు. ఆమె పాదం ఆరో పీట పిల్ల పాడేది, ఆమె గొంతుతో. నాకు తెలియనివ్వకుండా. వినడమే పనిగా బతికినదాన్ని, నన్ను మోసం చేసింది ఆ పిల్ల. ఆ నౌపడ ఆవిడ దొంగ కాదు. ఆకలి అడగడానికి వీలు లేకుండా గోడ మీద నియమం రాసినదాన్ని నేను. తప్పు ఎవరిదని రాయాలో మీరే చూసుకోండి. ఆ గొంతు ఎవరిదని మీ సారు అడిగారు కదా, ఆవిడది."

వెనక నుంచి నౌపడ మనిషి గట్టిగా అంది, "మాయమ్మది!"

యజమాని ఏమంటాడోనని చూశాను. ఆయన ఎర్రటి దీపం వెలుగుతున్న కెమెరాను చూశాడు, ఐదో పీటను చూశాడు, చివరికి, "నాకు ఇప్పుడే తెలిసింది" అన్నాడు. ఆ మాట నిజమే. ఆ నెల నుంచి షెడ్డులో పదకొండింటికి టీ, రెండు బిస్కెట్లు ఇస్తున్నారు. అది ఆయన మనసు చేసిందో, కెమెరా చేసిందో తేల్చడం నా పని కాదు. ఇచ్చినవారిని దేవుడు దీవించు గాక. నౌపడ మనిషి ఇంకా అక్కడే పని చేస్తోంది. బిస్కెట్లు మెత్తబడిపోయాయని గొడవ కూడా పెడుతుంది.

చివరి పోటీలో పిల్ల పాడే ముందు షెడ్డులో తీసిన ఆ బొమ్మ వేశారు. తెర మీద నా వీపు, నా జడ, కిటికీ. పిల్ల చూసి రెండు చేతులతో నోరు మూసుకుంది. పెద్దాయన, "ఇప్పుడు పాడమ్మా, ఇద్దరూ పాడండి" అన్నాడు. గెలిచిందని మీకు తెలుసు. ఇప్పుడు ఆమె పాటలు విశాఖలో, హైదరాబాదులో, ఎక్కడెక్కడో దేశాల్లో వేదికల మీద మోగుతున్నాయి. రంగురంగుల దీపాలు, డప్పులు, వెనక పాతికమంది నాట్యం. నాకు ఆ మోత కొంచెం ఎక్కువే. గొంతు వినపడే చోట వింటాను, మిగతాచోట ఓర్చుకుంటాను.

గెలిచాక ఊరొచ్చినప్పుడు తెరిచిన జీపు మీద పలాసంతా ఊరేగించారు. అది ముగిశాక మా ఇంటికి వచ్చింది, మెడలో దండలు తీసి చేతికి చుట్టుకుని. క్షమించమని అడుగుదామని మాటలు కూర్చుకుని ఉన్నాను. నోరు తెరవకముందే, "పెద్దమ్మా, ఆకలేత్తంది, ఏటుంది?" అంది. అన్నం, చింతకాయ పచ్చడి పెట్టాను. తింటూ తింటూ, "నువ్వు ఒక్కసారైనా తిరిగుంటే నాకు పాటొచ్చీది కాదు" అంది. అది నన్ను ఓదార్చడానికి అందో, నిజంగానే అందో నాకు ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం తిరిగి ఉంటే బాగుండేదని అనుకుంటాను. తిరిగి, ఆమె వణుకుతున్న చేతులు చూసి, ఒక ముక్క నేనే ఇచ్చి ఉంటే.

అందుకే పిల్లలూ, మిమ్మల్ని ఒకటే అడుగుతున్నాను. ఆ పాట మీ ఫోనుల్లో వచ్చినప్పుడు, రెండో పాదం దగ్గర ముసలి గొంతు అందుకుంటుంది, చివర చిన్న ఈల. పాడేది భావనపాడు పిల్లే. గొంతు మాత్రం నౌపడ నుంచి రైలెక్కి వచ్చి, మా ఐదో పీట మీద కూర్చుని, ముక్కలు తప్ప గుండు పప్పు ముట్టని ఒక మనిషిది. ఆ పాదం వినిపించినంతసేపు ఆమెను తలుచుకోండి.